ఎడమ చక్రం

ప్రశాంతి ఎక్కడ నిలబడినా ఎడమ పక్కనే నిలబడుతుంది. బస్సులో ఎడమ కిటికీ, ల్యాబులో బల్లకు ఎడమ కొస, పెళ్లి ఫోటోల్లో వరసకు ఎడమ చివర. కోదాడ ఇంజినీరింగ్ కాలేజీలో ఆమెతో పనిచేసేవాళ్లకు అదొక వింత. నిజానికి అందులో వింతేమీ లేదు. తిరుమలగిరి పక్క గుట్టల్లో ఏడేళ్ల వయసు నుంచి నాయిన ఐలన్న వెంట గొర్ల మందకు ఎడమ పక్కన నడిచిన మనిషి ఆమె. ఐలన్న కుడి పక్క, కూతురు ఎడమ పక్క. మంద ఎడమకు తిరగాలంటే ఎడమ పక్క మనిషి ఆగాలి, కుడి పక్క మనిషి అదిలిస్తూ ముందుకు రావాలి. ఇద్దరూ ఒక్కసారే అదిలిస్తే మంద తిన్నగా పోతుంది. నోటితో చెప్పుకోవడం, చేతులూపుకోవడం ఉండదు. మందనే చూస్తూ నడిస్తే అవతలి మనిషి ఏం చేయబోతున్నాడో తెలిసిపోతుంది. ఈ పనికి రేడియోల భాషలో మిక్సింగ్ అనే పేరుందని ఆమెకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటిదాకా పేరు లేకుండానే పని జరిగింది.

సూర్యాపేటలో ఆమె ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. పొద్దున తిరుమలగిరి బస్సు, సాయంత్రం తిరుమలగిరి బస్సు. ఆఖరి సంవత్సరం, అంటే రెండువేల ఐదు మొదట్లో, నోటీసు బోర్డు మీద ఒక కాగితం పడింది. కోదాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీవాళ్లు రోబోల కొట్లాట పెడుతున్నారట. ఎనిమిది కిలోలు మించకూడదు. వైరు కట్టి నడిపినా ఒప్పుకుంటారు గానీ, వైరు లేకుండా నడిపితే పది మార్కులు ఎక్కువ. ఆ కాగితం ముందు ఆమెతోపాటు ఇంకొకడు కూడా నిలబడి చదివాడు. వాడే నరేందర్. ఎలక్ట్రికల్ బ్రాంచి, ఊరు మిర్యాలగూడ. అక్కడ వాళ్ల నాయినకు రైసు మిల్లుల మోటార్లకు తీగ చుట్టే షాపు ఉంది. వాడి వేళ్ల సందుల్లో వార్నీషు మరకలు ఎన్ని సబ్బులు అరగదీసినా పోయేవి కావు.

"వైరు లేకుండ చేద్దామా?" అన్నాడు వాడు, కాగితం మీంచి చూపు తిప్పకుండా.

"నన్నేనా అడుగుతున్నవ్?"

"ఇంకెవరున్నరు గీడ?"

అట్లా మొదలైంది. మోటార్ల సంగతి నరేందర్ చూసుకున్నాడు. హైవే పక్క లారీల పాత సామాన్ల దుకాణంలో రెండు వైపర్ మోటార్లు ఏరుకొచ్చి, విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. బండికి ముందర వంపు తిరిగిన ఇనుప రేకు పెట్టి, అది ఢీకొట్టే తీరు చూసి పొట్టేలు అని పేరు కూడా వాడే పెట్టాడు. మిగిలింది రేడియో. విమానాల బొమ్మలకు వాడే అసలైన ట్రాన్స్‌మిటర్ హైదరాబాదులో ఎక్కడో దొరుకుతుందని విన్నారు గానీ, అది వాళ్ల అందుబాటులో ఉండే వస్తువు కాదు. ఏం చేద్దామా అని తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు ప్రశాంతికి జాతర గుర్తొచ్చింది.

దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర ఆ ఏడే పడింది. ఐలన్న ఇల్లంతా గొర్రెపొట్టేలుతో సహా గట్టెక్కింది. భేరీల మోత, 'ఓ లింగా' అనే కేకల మధ్య ప్రశాంతి గట్టు కింద బొమ్మల దుకాణాల వరసలో నరేందర్ కోసం వెతుకుతోంది. వాడు అప్పటికే ఒక చాప ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చాప మీద ఏడెనిమిది రిమోట్ కార్లు. దుకాణమాయన ఒక రిమోట్ తీసుకుని నొక్కాడు. ఒక్క కారు కాదు, చాప మీది కార్లన్నీ కలిసి పరుగెత్తాయి. జనం పడీ పడీ నవ్వారు. ప్రశాంతి మాత్రం నవ్వలేదు. మూలన ఒక నీలం కారు కదలకుండా ఉండటం చూసింది.

"మళ్ల ఒక్కసారి నొక్కు," అంది.

ఆయన నొక్కాడు. మళ్లీ అన్నీ ఉరికాయి, నీలం కారు ఉలకలేదు.

"గదీ, గా ఎర్రదీ ఇయ్యి. రెండింటి రిమోట్లు గూడ."

"నడవనిది ఎందుకమ్మా?" అన్నాడాయన. ఆ నీలం కారు పాడైందని ఆయన నమ్మకం. దాని రిమోట్ వేరే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుతుందని ఆయనకు తెలియదు. మిగతావన్నీ ఇరవై ఏడు మెగాహెర్ట్జ్, ఇది నలభై తొమ్మిది. పక్కవాడి మాట వినని చెవి కావాలి వాళ్లకు, ఆ చెవి ఉన్న కారు అదొక్కటే. ట్రాన్స్‌మిటర్ ఎట్లా ఎంచుకోవాలో ఆ తర్వాతి కాలంలో ఎంతోమంది పిల్లలకు ప్రశాంతి పాఠం చెప్పింది. తను మొదటిసారి ఎంచుకున్నది మాత్రం ఇట్లా, చాప ముందు నిలబడి, కదలనిదాన్ని పట్టుకుని.

కార్ల పొట్టలు చీల్చి, లోపలి బోర్డులకు రిలేలు కట్టి, నీలం కారు బోర్డు ఎడమ మోటారుకు, ఎర్ర కారు బోర్డు కుడి మోటారుకు కలిపింది. రిమోట్లు రెండు, చక్రాలు రెండు. ఒక మనిషి రెండు రిమోట్లు పట్టుకుంటే వేళ్లు తడబడ్డాయి. కాబట్టి ఇద్దరు మనుషులు. ఎడమ చక్రం ఎవరిదో అడగాల్సిన పనిలేదు.

కాలేజీ వెనక వరండాలో మొదటి రోజు పొట్టేలు గోడకు గుద్దింది, చెత్తబుట్టకు గుద్దింది, ప్రిన్సిపాల్ గారి స్కూటరుకు కూడా గుద్దింది.

"ఆపు ఆపు!" అని అరిచాడు నరేందర్.

"నేనా, నువ్వా?"

"ఎవరో ఒకరు ఆపుండ్రి తల్లీ!"

అప్పుడామె వాడి రిమోట్ లాక్కుని కింద పెట్టింది. "మాట్లాడకు. నన్ను సూడకు. బండినే సూడు. నేను ఎప్పుడు ఆపుతనో నీకు తెలుస్తది," అంది. వాడు నమ్మలేదు. అయినా భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు. నాలుగో రోజుకు తెలియడం మొదలైంది. ఆమె మీట వదిలే ముందు మోచెయ్యి కొంచెం కిందికి దిగుతుంది, ఊపిరి ఆగుతుంది. వాడికి అంతే చాలు. పొట్టేలు ఎడమకు తిరిగేది. వారం తిరిగేసరికి అది మూడు ఇటుకల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పోయేది, ఎదురుగా తమ మీదికే వచ్చేటప్పుడు కూడా తప్పేది కాదు. బండి మన వైపు మొహం పెట్టి వస్తే దాని ఎడమ మనకు కుడి అయిపోతుంది. అక్కడే అందరూ తికమక పడతారు. మందకు ఎదురు వెళ్లి తిప్పిన పిల్లకు ఆ తికమక ఎప్పుడో చిన్నప్పుడే తీరిపోయింది.

ఆ వారం రోజులు ప్రశాంతి సాయంత్రం బస్సు తప్పించుకుని తర్వాతి బస్సుకు వెళ్లింది. ఇంట్లో తల్లి సైదమ్మకు ప్రాక్టికల్స్ అని చెప్పింది. అబద్ధం కాదు గానీ నిజం కూడా కాదు. ఆ భుజం ఆనడం కోసం ఉండిపోయేది, అంతే. దాచడం దేనికి?

కోదాడలో పోటీ రోజు మూడు ఆటలు గెలిచారు. ఫైనల్లో గంట కొట్టగానే పొట్టేలు కుడి చక్రం తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది.

"నేను నొక్కలే!" అన్నాడు నరేందర్, మొహం పాలిపోయి.

ప్రశాంతి అవతలివాళ్ల చేతిలోకి చూసింది. ఎర్ర కారు రిమోట్ లాంటిదే. అదే జాతర, అదే చాప! వాళ్లు తమ బండి కోసం నొక్కినప్పుడల్లా వీళ్ల కుడి చక్రం తిరుగుతోంది, నరేందర్ నొక్కితే వాళ్ల బండి కదులుతోంది. ఎడమ చక్రం ఒక్కటే ఎవరి చేతికీ చిక్కలేదు. ప్రశాంతి కుడి చక్రం ఎప్పుడు తిరుగుతుందో కనిపెడుతూ, దానికి తన చక్రాన్ని జతచేస్తూ, శత్రువు వేలినే కూలికి పెట్టుకుని రెండు నిమిషాలు బండిని నిలబెట్టింది. చివరికి ఓడిపోయారు. రెండో బహుమతిగా గోడ గడియారం వచ్చింది. నరేందర్ ఎంత నవ్వాడంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా చక్రం నా చేతిల లేకున్నా నడిపినవ్ గదే!" అన్నాడు.

సూర్యాపేట తిరిగొచ్చే బస్సులో ఒళ్లో గడియారం పెట్టుకుని, ఈ బస్సు సూర్యాపేటలో ఆగకుండా ఎటైనా పోతే బాగుండని ఆమె కోరుకుంది. అది ఆగింది. ఆమె దిగి తిరుమలగిరి బస్సెక్కింది.

మరుసటి ఏడు ఆమెకు అదే కోదాడ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. నరేందర్ మిర్యాలగూడలో షాపులో కూర్చున్నాడు. పోటీలు ఎక్కడ పెట్టినా, రిమోట్లు పట్టే రెండో మనిషి లేక, వాడు పొట్టేలును వైరు కట్టుకుని తీసుకెళ్లేవాడు. ఆ సంగతులన్నీ ఫోనులో చెప్పేవాడు. కాలేజీకి కట్టుబడిన ఆమె వెళ్లలేకపోయేది. ఫోను మాటలు మోటార్ల గురించి, బ్యాటరీల గురించి. ఒక్కోసారి మాటలైపోయాక ఇద్దరూ ఫోను పెట్టకుండా కాసేపు ఉండేవాళ్లు. ఆ కాసేపు కోసమే ఆమె ఫోను ఎత్తేది.

రెండువేల పదిలో ఒక మధ్యాహ్నం వాడు ఫోన్ చేశాడు. హైదరాబాదులో ఇప్పుడు చైనా రేడియోలు చవకగా దొరుకుతున్నాయట. ఫ్రీక్వెన్సీ కోసం క్రిస్టల్ మార్చే పని లేదు, పక్కవాడి రేడియోతో తగువు లేదు, జాతర బాధ తీరిపోయినట్టే.

"నాలుగు ఛానెళ్లది ఉన్నది, ఆరుది ఉన్నది. పొట్టేలుకు ఈసారి ముందల తిరుగుతా కొట్టే డ్రమ్ము గూడ పెడుతున్న. నాలుగుదైతే మిక్సింగ్ లేదంట. రెండు చేతులు చక్రాలకే సరిపోతయి, డ్రమ్ముకు ఇంకో మనిషి కావాలె. నువ్వు రావలసి వస్తది, ఇద్దరం పట్టుకోవాలె. ఆరుదైతే ఒక్కనితోటే అయితదంట. ఏది తీస్కోను?"

ఇంత తిన్నగా అడిగిన ప్రశ్నకు ఏమనాలి? 'నాలుగుది తీస్కో' అంటే చాలు. ఆమె నోటిదాకా వచ్చింది కూడా. కానీ రేడియో గురించి అడిగినవాడికి రేడియో గురించి తప్పు చెప్పడం ఆమెకు చేతకాదు. ఈ పిల్లను ఏమనాలో నాకైతే తెలియదు. లోకంలో ఎన్నో అబద్ధాలు నడుస్తుంటే, ఈ ఒక్కటి ఆడితే ఏం పోయేది?

"ఆరుదే తీస్కో. మిక్సింగ్ ఉంటది. ఒక్క వేలితోటి రెండు చక్రాలూ వింటయి," అంది.

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. "సరే," అన్నాడు వాడు.

పదిహేను రోజుల తర్వాత థర్మకోల్ పెట్టె చంకన పెట్టుకుని ల్యాబుకు వచ్చాడు. ఆ రేడియోకు తెర లేదు, మీటలతో సెట్ చేసేది కాదు. కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి అంకెలు దిద్దాలి. వాడు టీ తాగడానికి క్యాంటీనుకు వెళ్లాడు, ప్రశాంతి కంప్యూటరు ముందు కూర్చుంది. విమానం రెక్కల కోసం పెట్టిన మిక్సింగునే చక్రాలకు వాడుకోవాలి. కుడి స్టిక్కు ముందుకు తోస్తే రెండు చక్రాలూ ముందుకు. పక్కకు వంచితే ఒకటి తగ్గుతుంది, ఒకటి పెరుగుతుంది. డ్రమ్ముకు పైనున్న నాబ్ పెట్టింది. ఎడమ స్టిక్కుతో ఇక పనిలేదు. నాయిన, తను, నరేందర్, ముగ్గురి ఒంట్లోనూ ఉన్న విద్య రెండు అంకెల్లో పట్టింది. ఆమె ఆ రెండు అంకెలు వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ ఖాళీ ఎడమ స్టిక్కును చూస్తూ కూర్చుంది. తన స్థలాన్ని తన చేతులతోనే తీసేసింది. ఏడుపొచ్చింది. ల్యాబులో ఎవరూ లేరు కాబట్టి ఏడ్చింది కూడా.

తర్వాత మొహం కడుక్కొచ్చి ఒక పని చేసింది. రేడియో నెత్తిన ఎడమ మూల ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ కిందికి వేస్తే మిక్సింగ్ తీసేసినట్టు సెట్ చేసింది. అప్పుడు ఎడమ స్టిక్కు ఎడమ చక్రానిది, కుడి స్టిక్కు కుడి చక్రానిది. జాతర రిమోట్ల లెక్క. వెనక మూత విప్పి ఎడమ స్టిక్కు వదిలితే మధ్యకు వచ్చేలా స్ప్రింగు కూడా బిగించింది. ఎప్పుడో ఒకప్పుడు వాడి వేలు దానికి తగులుతుంది, బండి వింతగా తిరుగుతుంది, ఇదేందని ఫోన్ చేస్తాడు. అప్పుడు చెబుతుంది. అప్పుడు చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది.

కానీ వాడు వచ్చి, "ఈ స్విచ్ దేనికి?" అని అప్పటికప్పుడే అడిగేసరికి, సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. పోటీ ఎదురుగా ఉంది. ఆట మధ్యలో అది పడితే ఓడిపోతాడు.

"దాన్ని ముట్టకు," అంది.

ఆ పోటీ ఆమె బరి చుట్టూ కట్టిన వల వెనక నిలబడి చూసింది. నరేందర్ ఒక్కడే బరి పక్కన నిలబడ్డాడు. కుడి బొటనవేలితో పొట్టేలును తిప్పాడు, ఎడమ చేత్తో డ్రమ్ము ఆడించాడు, గెలిచాడు. వల దగ్గరికొచ్చి, చెమటలు కారుతుంటే, "నీ మిక్సింగ్ ఫస్టుక్లాస్!" అన్నాడు. ఆమె నవ్వింది. జీవితంలో అంత కష్టపడి ఆమె ఎన్నడూ నవ్వలేదు.

మరుసటి ఏడు మిర్యాలగూడలో నరేందర్ పెళ్లయింది. పెళ్లికూతురు పేరు లక్ష్మి, మంచి పిల్ల. ప్రశాంతి వెళ్లింది, భోజనం చేసింది, ఫోటోలో ఎడమ చివర నిలబడింది. ఇంట్లో సైదమ్మ సంబంధాలు చూపిస్తే "ఇప్పుడే వద్దమ్మా" అంది. ఆ తర్వాత కూడా అదే మాట అంది. ఐలన్న మోకాళ్లు నొచ్చి మందను పక్కూరివాళ్లకు అమ్మేసిన రోజు, "ఎడమ పక్క మనిషి లేకపోతే కుడి పక్కోడు ఎంత అరిచినా అంతే బిడ్డా," అన్నాడు. తన గొర్ల గురించే అన్నాడు. ఆమె ఆ పూట అన్నం తినలేదు.

రెండువేల పద్నాలుగు ఎండాకాలం మొదట్లో నరేందర్ మళ్లీ ల్యాబుకు వచ్చాడు. అప్పుడు మధ్యాహ్నం మూడైంది. ఒక చేతిలో సంచి, అందులో పొట్టేలు. ఇంకో చేతిలో అదే థర్మకోల్ పెట్టె, మూలలు విరిగి. గడ్డం అక్కడక్కడా నెరిసింది, వేళ్ల సందుల్లో వార్నీషు మాత్రం అట్లాగే ఉంది.

"షాపు పని ఎక్కువైంది. ఇగ ఈ ఆటలు నాతోటి గావు. మీ పిల్లలకు పనికొస్తది, ఉంచుకో."

ఆమె పెట్టె మూత తీసింది. రేడియో నెత్తిన ఎడమ మూల స్విచ్ కనబడలేదు. దానిమీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు చుట్టి ఉంది. మోటారు చుట్టేవాడి చుట్టు. అంచు ఎక్కడా లేవలేదు.

"ఇదేంది?"

"నువ్వే గదా ముట్టకన్నవ్. ఆటల వేలు తగులుతదేమో అని ఆ రోజే చుట్టిన."

నాలుగేళ్లు. ప్రతి ఫోను మోగినప్పుడల్లా ఆ స్విచ్ గురించేనేమో అని ఆమె ఎత్తిన నాలుగేళ్లు. కోపమొచ్చింది, నవ్వొచ్చింది. గోటితో టేపు లాగింది. జిగురు సాగుతూ వచ్చింది. పొట్టేలును నేలమీద పెట్టి, పవర్ ఇచ్చి, స్విచ్ కిందికి వేసి, ఎడమ స్టిక్కు తోసింది. పొట్టేలు ఉన్నచోటే గుండ్రంగా తిరగసాగింది.

"ఒక్క చక్రమే తిరుగుతుందేంది? పాడైందా?" అన్నాడు నరేందర్ వంగి చూస్తూ.

"పాడుగాలే. రెండోది నీది."

రేడియోను తన కుడి పక్కకు, వాడి వైపు జరిపింది. వాడు ఆమెను చూశాడు, స్టిక్కును చూశాడు. మెల్లగా పక్కకొచ్చి నిలబడి, కుడి స్టిక్కు మీద బొటనవేలు పెట్టాడు. ఒకే రేడియో, ఇద్దరి వేళ్లు. భుజం ఆనింది. పొట్టేలు తిన్నగా ల్యాబు ఆ కొసదాకా పోయింది. ఆమె ఊపిరి ఆపింది. బండి ఎడమకు తిరిగి, స్టూలును తప్పించుకుని, మొహం పెట్టి వాళ్ల వైపే వచ్చింది. ఎక్కడా తికమక పడలేదు. వాళ్ల కాళ్ల దగ్గరికొచ్చి ఆగింది. ఇద్దరూ వేళ్లు తీయలేదు.

"ఇది ఎప్పుడు పెట్టినవ్?" అన్నాడు.

"తొలి రోజే. నువ్వు చాయకు పోయినప్పుడు."

"చెప్పకపోతివి."

"నువ్వు ముడుతవనుకున్న. ముట్టి అడుగుతవనుకున్న."

నరేందర్ పొట్టేలు వైపే చూస్తూ అన్నాడు, "నేను అంతకుముందే అడిగిన గదా ప్రశాంతీ. ఫోన్ల. నాలుగుదైతే ఇద్దరం పట్టుకోవాలె, నువ్వు రావాలె అన్న. ఏది తీస్కోను అన్న."

ఆమె వేలు స్టిక్కు మీద అట్లాగే ఉండిపోయింది. ఆ రోజు ఫోనులో అవతల కాసేపు ఏమీ వినిపించకపోవడం ఇప్పుడు వినిపించింది.

నాలుగున్నరకు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సుంది. వాడు మెల్లగా వేలు తీసి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ స్విచ్ మళ్ల పైకి వేస్తవా?" అన్నాడు.

"పిల్లలకు ఇచ్చేటప్పుడు వేస్త."

వాడు వెళ్లిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయేదాకా ఆమె నిలబడింది. తర్వాత ఎడమ స్టిక్కు మెల్లగా ముందుకు తోసింది. కుడి బొటనవేలు ఖాళీగానే ఉంది, అయినా దాన్ని రెండో స్టిక్కు మీద పెట్టలేదు. పొట్టేలు ఆమె కాళ్ల ముందు, ఉన్నచోటే, గుండ్రంగా తిరుగుతూ ఉంది.